ఆడేవాళ్ళు, ఆడించేవాళ్ళు



ఈ వారం ఆట గురించి రాస్తున్నాను. నేను తెలుగు టైటాన్స్ అభిమానిని. 2014 జూలైలో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచీ అదే జట్టు. చూసేవాళ్ళకి ఇది ఎంత కష్టమైన ఉద్యోగమో తెలుసు. 8, 9, 10 సీజన్లలో మా జట్టు వరసగా మూడుసార్లు పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ మూడు సీజన్లలో ఆడినవి 66 మ్యాచ్‌లు, గెలిచినవి 5. "సార్, ఇంకా టైటాన్సేనా?" అని కాలేజీలో పిల్లలు నవ్వుతారు. ఓడిపోయేవాళ్ళ పక్కన నిలబడటం మనకి కొత్త కాదులెండి అంటాను.

ఉద్యమాల గురించి రాసేవాడికి కబడ్డీ ఎందుకన్నా అని కొందరు తమ్ముళ్ళు అడుగుతున్నారు. ఆటలోనూ కులం ఉంది, భూమి ఉంది, బడి ఉంది, తిండి ఉంది. మన పిల్లలు రోజూ ఫోన్లో చూసేది ఆటే. వాళ్ళు చూసేదాని గురించి మనం మాట్లాడకపోతే వ్యాఖ్యానం చెప్పేవాడు మాట్లాడతాడు.

మా మాలపేటలో కబడ్డీని చెడుగుడు అనేవాళ్ళు. బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు. కోతలయ్యాక ఖాళీ అయిన మడిలో కర్రతో గీత గీస్తే అదే బరి. క్రికెట్ ఊళ్ళో ఆడేవాళ్ళు, బ్యాటు ఎవడిదైతే వాడే మొదట బ్యాటింగ్. చెడుగుడులో ఆ పప్పులుడకవు. ముట్టుకోకుండా ఆ ఆట సాగదు. పట్టుకోవాలి, కాలు లాగాలి, మీద పడాలి. మా వాడా ఊరూ కలిసి ఎప్పుడూ ఎందుకు చెడుగుడు ఆడలేదో నాకు పీజీకి వచ్చాక గానీ అర్థం కాలేదు.

ఆ ఆటలో నాకు ఇష్టమైన మాట కూత. అవతలి వాళ్ళ నేలలోకి ఒంటరిగా వెళ్తావు. అక్కడ ఏడుగురు ఉంటారు. నీ దగ్గర ఉన్నది ఒక ఊపిరి, ఒక గొంతు. కూత ఉన్నంతసేపే బతికి ఉన్నట్టు. కూత తెగితే ఎవరూ పట్టుకోకపోయినా అవుటే. కండలు అందరికీ కనబడతాయి గానీ ఈ ఆట ప్రాణమంతా గొంతులో ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు ఆ మడి మ్యాట్ అయింది. కూత ముప్పై సెకన్ల రెయిడ్ అయింది. ఆటగాళ్ళని వేలంలో కొంటున్నారు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని మావాళ్ళు కోటీ 45 లక్షలకి తీసుకున్నారు. 2023లో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల పైచిలుకుకి తీసుకున్నారు. అప్పటికి లీగ్ మొత్తంలో అదే పెద్ద ధర. ఆ ఏడే మళ్ళీ ఆఖరి స్థానం. మనుషుల్ని వేలం వేస్తారా అని కోప్పడే మేధావులున్నారు. నాకు ఆ కోపం లేదు. చెమటకి తగ్గ కూలి అడగటమే మన పోరాటం, ఒక కబడ్డీ ఆటగాడికి కోట్లు వస్తే నాకు సంతోషమే.

నా పేచీ పేరు దగ్గర. జట్టు పేరులో తెలుగు ఉంది. రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చాడు. సిద్ధార్థ్ మహారాష్ట్ర, పవన్ ఢిల్లీ. వాళ్ళ ఆట చూసి గొంతు పోయేలా అరిచాను, మళ్ళీ అరుస్తాను. బయటివాళ్ళు వద్దనే మాట నా నోట రాదు. వాడ నుంచి ఊళ్ళోకి వెళ్ళినా బయటివాడివే అనిపించుకున్నవాణ్ణి. నేను అడిగేది వేరే. ఇన్ని సీజన్లలో ఆ జెర్సీ వేసుకున్న తెలుగు కుర్రాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే ఎందుకున్నారు? హర్యానాలో పల్లెపల్లెనా అఖాడా ఉంది, ఆడినవాడికి సర్కారు ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం ఉంది. మనకి పేరు ఉంది. పేరు మనది, పెట్టుబడి వాళ్ళది, టికెట్టు మళ్ళీ మనది.

ఈ పేరు గొడవ నాకు బాగా అర్థమైంది అమెరికన్ ఫుట్‌బాల్ చూశాక. నా హాస్టల్ స్నేహితుడొకడు డాలస్‌లో ఉంటాడు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఒకే ట్రంకుపెట్టె మీద పుస్తకాలు పెట్టుకుని చదివినవాళ్ళం. వాడు డాలస్ కౌబాయ్స్ వీరాభిమాని. "ఒరే, ఇక్కడ మన తెలుగోళ్ళ ఫంక్షన్‌కి వెళ్తే మొదట ఇంటిపేరు అడుగుతారు, తర్వాత నాన్న ఏం చేసేవాడని అడుగుతారు. స్టేడియంలో ఎవడూ అడగడు. నీలం జెర్సీ చూసి భుజం తడతాడంతే," అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను కూడా చూడటం మొదలుపెట్టాను.

తెలియనివాళ్ళకి రెండు మాటల్లో చెప్తాను. పేరులో ఫుట్ ఉంది గానీ బంతి ఎక్కువగా చేతుల్లోనే ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి. పోతే ఇంకో నాలుగు దొరుకుతాయి, పోకపోతే బంతి అవతలివాళ్ళకి. అంటే నేల కోసం పోరాటం. అవతలివాడి నేలలోకి వెళ్ళడం, వాళ్ళు మీద పడి పడగొట్టడం. చెడుగుడు తెలిసినవాడికి గంటలో అర్థమైపోతుంది.

ఆ లీగ్‌లో ఉన్నవి 32 జట్లు. ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లవాళ్ళు. జట్ల ప్రధాన యజమానుల్లో నల్లవాడు ఒక్కడు కూడా లేడు. ఇది చదివి మీకు మన దేశంలో ఏదైనా గుర్తొస్తే అది నా తప్పు కాదు.

వాళ్ళ రాజధాని వాషింగ్టన్ జట్టుకి 1933 నుంచీ ఉన్న పేరు రెడ్‌స్కిన్స్. ఎర్రతోలువాళ్ళు అని అర్థం. ఆ నేల అసలు మనుషుల్ని తిట్టే మాట. మనల్ని ఊళ్ళో ఏ మాటతో పిలిచేవాళ్ళో, ఆ మాటని ఒక జట్టుకి పేరు పెట్టి, టోపీల మీదా బనియన్ల మీదా అచ్చేసి అమ్మితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అడిగితే "ఇది గౌరవంతో పెట్టుకున్నాం" అంటారు. ఆ పేరు పెట్టిన యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్. లీగ్‌లో నల్ల ఆటగాళ్ళని ఆఖరున తీసుకున్న జట్టు అతనిదే. స్టేడియం ఉన్నది ప్రభుత్వ భూమి, తీసుకోకపోతే అందులో ఆడనివ్వమని కెనెడీ ప్రభుత్వం మెడ మీద కూర్చుంటే 1962లో బాబీ మిచెల్ లాంటివాళ్ళు ఆ జెర్సీ వేసుకోగలిగారు.

ఆ పేరు మీద సూజన్ హార్జో అనే ఆదివాసీ మహిళ, మరికొందరితో కలిసి 1992లోనే కేసు వేసింది. ఏళ్ళ తరబడి నడిచింది. యజమాని డానియెల్ స్నైడర్ 2013లో ఆ పేరు ఎప్పటికీ మార్చనని తెగేసి చెప్పాడు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత దేశమంతా వీధుల్లోకి వచ్చింది. స్టేడియం మీద తన పేరు పెట్టుకున్న ఫెడెక్స్ కంపెనీ పేరు మార్చమంది. నైకీ ఆ బట్టలు అమ్మడం ఆపేసింది. కొద్ది రోజుల్లోనే, జూలైలో, పేరు పోయింది. 2022 నుంచి ఆ జట్టు పేరు కమాండర్స్. హార్జో వాళ్ళ ఇరవై ఎనిమిదేళ్ళ పోరాటం లేకపోతే కంపెనీలకి ఆ సిగ్గు వచ్చేది కాదు. కంపెనీల డబ్బు కదలకపోతే యజమాని కదిలేవాడూ కాడు. ఉద్యమాల్లో ఉన్న పిల్లలు ఈ రెండూ కలిపి చదవాలి.

కాన్సాస్ సిటీ చీఫ్స్ పేరు మాత్రం మారలేదు. 2020లో ఈకల కిరీటాలు, ముఖాలకి రంగులు స్టేడియంలో నిషేధించారు. గొడ్డలి నరికినట్టు చేతులూపుతూ వేలమంది అరిచే అరుపు ఇంకా నడుస్తోంది. ఆ జట్టు ఆట నాకు భలే ఇష్టం. ఆ అరుపు మొదలవగానే మ్యూట్ నొక్కుతాను. అభిమానం ఉన్నచోట అడిగే హక్కు కూడా ఉంటుందని నా నమ్మకం.

ఇక్కడ అరకులో కూర్చుని ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఈ చరిత్రలో ఊరాంగ్ ఇండియన్స్ అనే జట్టు ఒకటుంది. 1922, 1923 రెండేళ్ళే ఆడింది. ఆటగాళ్ళందరూ ఆదివాసీలు. నాయకుడు జిమ్ థోర్ప్. 1912 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచినవాడు. అంతకుముందు ఎప్పుడో కాస్త డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్న నెపంతో వాటిని 1913లో లాగేసుకున్నారు. పూర్తిగా తిరిగి ఆయన పేర రాసింది 2022లో. మనిషి పోయింది 1953లో.

ఆ జట్టు యజమాని వాల్టర్ లింగో కుక్కల వ్యాపారి. తన కుక్కల ప్రచారానికే జట్టు పెట్టాడు. సగం ఆట అయ్యాక విరామంలో ఆటగాళ్ళు విశ్రాంతి తీసుకోకూడదు. ఆదివాసీ వేషాలు కట్టి నాట్యం చేయాలి, గొడ్డళ్ళు విసరాలి, కుక్కలతో విన్యాసాలు చూపించాలి. తర్వాత మళ్ళీ వచ్చి మ్యాచ్ ఆడాలి. రెండేళ్ళలో 20 మ్యాచ్‌లు, గెలిచినవి 4. అలసిపోయిన మనుషులు ఎలా గెలుస్తారని ఎవరూ అడగలేదు. జనం వచ్చింది వేషాల కోసం.

మన భాషలో నాట్యానికీ క్రీడకీ ఒకటే మాట ఉంది, ఆట. ధింసా ఆడతారు, కబడ్డీ ఆడతారు. పీహెచ్‌డీ చేసేటప్పుడు పదాల మీద ఎన్నో రాత్రులు కూర్చున్నాను గానీ ఈ మాటలో ఉన్న గొడవ నాకు చెప్పింది మా కాలేజీ అమ్మాయి.

ఆ మధ్య ఒక టోర్నమెంట్‌కి మా అమ్మాయిల జట్టు వెళ్ళింది. ఎక్కడ, ఎవరు పెట్టారు అనేది ఇక్కడ అనవసరం. పొద్దున్నే జీపులో ఘాట్ దిగారు. వెళ్ళగానే ఒకాయన వచ్చి, "మీరు అరకు నుంచి కదా, అతిథులు వస్తున్నారు, ధింసాతో స్వాగతం చెప్పాలి," అన్నాడు. చీరలు కూడా తెప్పించి ఉంచారు. అంటే ముందే అనుకున్నారన్నమాట. తోడు వెళ్ళిన నేను, "వీళ్ళు ఆటగాళ్ళండీ, మ్యాచ్ ఉంది," అన్నాను. "ఓ పది నిమిషాలేనండీ మాస్టారూ, వీళ్ళకి పుట్టుకతో వచ్చిందే కదా," అన్నాడు. అతిథులు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. అందాకా పిల్లలు ఎండలో చీరలు కట్టుకుని నిలబడ్డారు. ఫోటోలు దిగారు. వాళ్ళ మ్యాచ్ సాయంత్రానికి జరిగింది, తిండి సరిగ్గా లేకుండానే ఆడి నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

తిరిగొస్తుంటే మా రెయిడర్ అమ్మాయి, "సార్, మనల్ని ఏ ఆటకి పిలిచేరు?" అంది. జీపులో ఎవరూ మాట్లాడలేదు.

ధింసా మీద ఎవరికీ చిన్నచూపు లేదు. పెళ్ళిలో, చైత్రమాసం పండగలో, డప్పూ తుడుమూ మోగుతుంటే ఒకరి నడుం ఒకరు పట్టుకుని తిరిగే ఆ వరసలో ఆ అమ్మాయి కూడా ఉంటుంది. అక్కడ ఎవరూ ఎవరినీ ఆడించరు, వాళ్ళే ఆడతారు. రిసార్టు మంట ముందు, మంత్రి కాన్వాయ్ ముందు అదే అడుగు వేయిస్తే అది వేరే ఆట. అడుగు ఒకటే, ఆడేవాళ్ళు ఒకరు, ఆడించేవాళ్ళు ఇంకొకరు. నేను ఆదివాసీని కాను, మైదానం నుంచి కొండెక్కిన దళితుణ్ణి. వాళ్ళ తరఫున మాట్లాడే అధికారం నాకు లేదు. కానీ డప్పు ఎవరి కోసం కొట్టించారో, చావుకీ జాతరకీ మమ్మల్ని ఎలా పిలిచేవాళ్ళో మా తాత చెప్పగా విన్నవాణ్ణి కాబట్టి ఈ ఆడించడం ఎక్కడున్నా పోల్చుకోగలను.

"పుట్టుకతో వచ్చింది" అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగుదాం. ఏజెన్సీ పిల్లలకి ఒళ్ళు గట్టి అని స్టాఫ్‌రూముల్లో మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వెనక చెప్పని సగం వాక్యం ఒకటి ఉంటుంది. అమెరికాలో ఆ సగం వాక్యాన్ని కాగితం మీద పెట్టారు. ఫుట్‌బాల్లో తలలకి దెబ్బలు తగిలి మాజీ ఆటగాళ్ళకి మతిమరుపు జబ్బులు వచ్చాయి. వేలమంది కేసు వేస్తే లీగ్ పరిహారానికి ఒప్పుకుంది. జబ్బు ఎంత ముదిరిందో లెక్కకట్టే పరీక్షలో నల్లవాళ్ళకి వేరే కొలత పెట్టారు. నల్లవాడి తెలివి మొదట్నుంచీ తక్కువేనని అనుకుని లెక్క వేయడం. మొదటే తక్కువ కాబట్టి దెబ్బ వల్ల పోయింది తక్కువ, కాబట్టి డబ్బు రాదు. ఇద్దరు నల్ల ఆటగాళ్ళు కోర్టుకెక్కితే 2021లో ఆ కొలత ఆపేస్తామని లీగ్ చెప్పింది. మైదానంలో ఉన్నంతకాలం ఆ ఒంటిని పొగిడి, డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు బుర్రని తక్కువ చేశారు. రిజర్వేషన్ పిల్లల మార్కుల గురించి మనం వినే మాటలకి ఇది పెద్దన్న.

ఇక కూత సంగతి. 2016లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్, పోలీసుల చేతిలో నల్లవాళ్ళు చచ్చిపోతున్నారని, జాతీయగీతం పాడేటప్పుడు నిలబడలేదు. మొదట కూర్చున్నాడు. ఒక మాజీ సైనికుడితో మాట్లాడాక, సైనికుల్ని అవమానించినట్టు ఉండకూడదని మోకాలి మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. నోటితో ఒక్క నినాదం ఇవ్వలేదు. ఆ సీజన్ తర్వాత ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. అంతకు మూడేళ్ళ ముందే తన జట్టుని ఫైనల్‌కి, సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళినవాడు. లీగ్ మీద ఫిర్యాదు చేస్తే 2019లో రాజీ చేసుకున్నారు. ఆటగాళ్ళ మాట వినకపోవడం పొరపాటేనని 2020లో లీగ్ పెద్ద ఒప్పుకున్నాడు. అందులో కేపర్నిక్ పేరు లేదు. జట్టు కొనేది ఒంటిని. కూత వినిపిస్తే అవుట్ అంటుంది. చెడుగుడుకి సరిగ్గా తిరగేసిన నియమం.

మన దగ్గర కూత కూడా అక్కర్లేదు, పేరు చాలు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళ ఆమె. కొద్ది రోజులకి సెమీఫైనల్లో జట్టు ఓడిపోతే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, గంతులేసి, జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడిందని కులం పేరుతో తిట్టారు. గెలిచిన రోజు దేశం బిడ్డ, ఓడిన రోజు కులం బిడ్డ.

మరి ఏం చేయాలి? ఆట మానేద్దామా? మానేస్తే వాళ్ళకే సుఖం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఒక గిరిజన అమ్మాయి, ఒక దళిత అబ్బాయి, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకి అప్పటికి పదమూడేళ్ళు. వాళ్ళకి అది పుట్టుకతో రాలేదు. భువనగిరి బండ మీద శిక్షణ, కోచ్‌లు, తిండి, ఒక సంస్థ పెట్టిన నమ్మకం, అన్నీ కలిస్తే వచ్చింది. ఆ అవకాశం ఇద్దరికి కాకుండా ప్రతి ఆశ్రమ పాఠశాలకీ ఎందుకు రాకూడదు?

నా కోరికల చీటీ చిన్నది. ఒకటి, ఏజెన్సీ మండలానికి ఒక కబడ్డీ మ్యాట్, ఏడాది పొడవునా జీతమిచ్చే ఒక కోచ్. సొంత బరి లేని పిల్లల్ని మ్యాట్ మీద మొదటిసారి టోర్నమెంట్లోనే దింపి, ఓడిపోయాక "అనుభవం లేదు" అనకండి. రెండు, హాస్టల్లో ఆడే పిల్లలకి అదనపు తిండి. పలచటి పప్పుచారుతో ఎవరూ పట్టు పట్టలేరు. మూడు, జట్టు పేరులో తెలుగు పెట్టుకున్న యాజమాన్యం విశాఖకి మ్యాచ్‌లు తెచ్చినప్పుడు ఘాట్ ఎక్కి పైకి కూడా రావాలి, పిల్లల్ని వెతకాలి. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ మొదలైంది విశాఖలోనే. అక్కడికి అరకు నూటపదిహేను కిలోమీటర్ల దూరం. నాలుగు, ఆడపిల్లలకి లీగ్ కావాలి. 2016లో మూడు జట్లతో ఒక చిన్న టోర్నీ నడిపి వదిలేశారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన అమ్మాయిలు స్వర్ణం తెచ్చారు. దేశానికి స్వర్ణం తెచ్చేవాళ్ళకి మగపిల్లలకి ఉన్నలాంటి లీగ్ ఎందుకు లేదో ఎవరైనా జవాబు చెప్పాలి.

ఐదోది మన పని. మన సంఘాల మీటింగుల్లో కూడా ఆదివాసీ పిల్లల చేత వేదిక ముందు ధింసా వేయించి, వేదిక మీద కుర్చీ వేయని అలవాటు ఉంది. అది మానాలి. ఆడమని పిలిస్తే ఏ ఆటో ముందే అడగండి. కూలి ఎంతో అడగండి. మైకు ఇస్తారా అని అడగండి. మా అమ్మాయిలు ఇప్పుడు అలాగే అడుగుతున్నారు. టోర్నమెంట్ పిలుపు వస్తే వాళ్ళే ఒక కాగితం రాసి పంపుతున్నారు, "మ్యాచ్ ఆడటానికి మాత్రమే వస్తాం, టైము చెప్పండి, భోజనం ఎప్పుడో చెప్పండి" అని. రెండు చోట్ల నుంచి జవాబు రాలేదు. ఒకచోట నుంచి వచ్చింది. వచ్చే నెల అక్కడికే వెళ్తున్నారు.

వాళ్ళకి టైటాన్స్ మీద పెద్ద ఆశలేం లేవు. నాకున్నాయి.

జై భీమ్. జై ఆదివాసీ.